కోతులమ్మ కబుర్లు

దుప్పటి మడత ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలూ పట్టుకోవాలి. ఒక్క దులుపు దులిపి, సగానికి మడిచి, మళ్ళీ బిగించి లాగాలి. ఆ తరవాత ఒకరు నాలుగడుగులు ముందుకొచ్చి తన చేతిలో మూలల్ని రెండోవాళ్ళ చేతిలో పెట్టాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇలా దగ్గరికి రావడం, దూరం జరగడం. కబుర్లన్నీ ఆ దగ్గరికొచ్చినప్పుడే. లాండ్రీలో మడతల గదిలో ఆరుగురు ఆడవాళ్ళుండేవారు, మూడు జతలు. గది అవతల తలుపు తీస్తే ఉతుకు షెడ్డు. గది మొత్తానికి కబుర్లు సరఫరా చేసేది మాత్రం ఒక్క మనిషే.

"ఏమే కోతులమ్మా, నిన్న నీ కోతులు ఏం ఉద్ధరించాయి?" అని అడిగింది ఆమె జోడీ. ఆవిడ పొడుగు చూసి అందరూ నిచ్చెనక్క అంటారు.

కోతులమ్మ అన్నందుకు ఆమెకి కోపం రాదు. పైగా సంబరం. ఇద్దరు మగపిల్లలు, పెద్దోడికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఏడు. వాళ్ళ నాన్న లారీ మీద పోతే పదిహేను రోజులకి గానీ మొహం చూపించడు. ఆ ఇద్దరికీ అరికాళ్ళలో చక్రాలున్నాయని ఆమే అంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఆమె ముద్దుతో ఊరుకునే రకం కాదు. ఆ ముద్దుని పదిమందికీ పంచి, పదిమంది చేతా నవ్వించుకుంటే తప్ప ఆమెకి అన్నం సహించదు.

"ఏం చెప్పమంటావు వదినా," అంది దుప్పటి దులుపుతూ. "పక్కింటావిడ తెల్లపిల్లి లేదూ! నేను పొయ్యి మీద గిన్నె దించి వచ్చేసరికి బక్కెట్లో సిరా సీసా మొత్తం ఒంపేశారు. చెవులు పట్టుకుని ఒకడు, తోక పట్టుకుని ఒకడు, పిల్లిని ముంచడం, తియ్యడం. ఇదేంట్రా చచ్చినోళ్ళారా అంటే, పెద్దోడు ఏమన్నాడో తెలుసా? 'మీ లాండ్రీలో దుప్పట్లకి నీలిమందు పెట్టరా అమ్మా, తెల్లగా అవుతాయని? పిల్లికి మాత్రం వద్దా?' అన్నాడు."

నాలుగడుగులు ముందుకొచ్చి మూలలు అందించింది. నిచ్చెనక్క అందుకోలేకపోయింది. నవ్వుతో చేతులు పట్టు తప్పాయి.

"అక్కడితో అయిందా? దాన్ని తీగ మీద ఆరేద్దామనుకున్నారట. క్లిప్పులు దొరక్క ఊరుకున్నారు!"

గది గదంతా గొల్లుమంది. ఇస్త్రీ రోలరు దగ్గర కూచునే మిషనత్త, ఎప్పుడూ మొహం ముడుచుకునే మనిషి, ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో నిలబడి వింటున్న మేనేజరు, వినలేదన్నట్టు గోడ మీద గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

జరిగింది వేరు. పెద్దోడు లెక్కలు రాసుకుంటుంటే మోచెయ్యి తగిలి సిరా సీసా ఒరిగింది. పిల్లి దాని మీంచి నడిచింది. ఒక్క కాలికి నీలం అంటింది, అంతే. తల్లి వచ్చేసరికి వాడు చొక్కా విప్పి, దాంతో నేల తుడుస్తూ కూచున్నాడు. తిడుతుందేమోనని మొహం పీక్కుపోయి ఉంది వాడికి. ఆమె తిట్టలేదు. ఫకాలున నవ్వింది. రేపటికి కబురు దొరికింది కదా మరి! గోరంత దొరికితే చాలు, కొండంత చెయ్యడం ఆమెకి నిద్దట్లో కూడా వచ్చు.

లాండ్రీలోకి పిల్లల్ని తీసుకురాకూడదని గేటు మీదే రాసి ఉంది. వేరే ఎవరి పిల్లలైనా వస్తే మేనేజరు గేటు దగ్గరే తగులుకునేవాడు. ఈ ఇద్దరి విషయంలో మాత్రం చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మధ్యాహ్నం మూడున్నరకి బడి వదిలితే నాలుగు కాకుండానే వచ్చేవారు. మాసిన బట్టల మూటల మీంచి దూకేవారు. ఖాళీ తోపుడుబండిలో చిన్నోడు కూచుంటే పెద్దోడు తోసేవాడు, ఆ చక్రాల కీచు చప్పుడు షెడ్డంతా వినబడేది. అలిసిపోతే పెద్దోడు వచ్చి గుమ్మంలో కూచుని తల్లి కబుర్లు వినేవాడు. అందులో తన పేరు వస్తే తలొంచుకుని తనూ నవ్వేవాడు. ఆ కబుర్లలో పెద్దోడికి భయమంటే ఏమిటో తెలీదు, ఏ మాటకైనా ఎదురు మాట సిద్ధంగా ఉంటుంది. కబుర్లలోని ఆ పెద్దోడంటే గుమ్మంలో కూచున్న ఈ పెద్దోడికి ఇష్టంగానే ఉండేది.

బుధవారం నాడు నీలి పెద్దమ్మ పనిలోకి రాలేదు. కూతురికి పురుడు. ఉతికిన దుప్పట్లకి చివరి తొట్టిలో నీలిమందు పెట్టడం ఆవిడ పని. పదేళ్ళుగా ఆవిడ తప్ప ఇంకొకరు ఆ తొట్టి దగ్గరికి వెళ్ళింది లేదు.

"నాలుగు రోజులు నువ్వు చూడు," అని మేనేజరు కోతులమ్మకి అప్పజెప్పాడు. "పెద్ద విద్యేం కాదు. పక్క బక్కెట్లో గ్లాసుడు పొడి కలుపు. గుడ్డలో వడగట్టి తొట్టిలో పొయ్యి. తరవాతే దుప్పట్లు దించు. పోశాక గ్లాసు మేకుకి తగిలించు, మర్చిపోకు."

ఆ గ్లాసు సంగతి అందరికీ తెలిసిందే. గ్లాసు గట్టు మీదుంటే నీలం పొయ్యలేదని. మేకుకి ఉంటే పోశారని. షెడ్డులో వెలుగు తక్కువ, సిమెంటు తొట్టి లోపలంతా ఏళ్ళ తరబడి నీలం పట్టిపోయి ఉంది. నీళ్ళు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. గ్లాసునే నమ్ముకోవాలి.

సాయంత్రం నాలుగింటికి హోటలువాళ్ళ దుప్పట్లు ఉతికి తొట్టి దగ్గరికి వచ్చాయి, అరవై. ఆమె చెప్పినట్టే చేసింది. కలిపింది, వడగట్టింది, పోసింది, గ్లాసు మేకుకి తగిలించింది, దుప్పట్లు దించింది. అవి నానేలోపు ఊరికే నిలబడితే ఆమె కోతులమ్మ ఎందుకవుతుంది? తలుపు తీసే ఉంది, అవతల మడతలవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"చెప్పవే, చెంబు సంగతి ఏదో అన్నావు పొద్దున!" అని కేకేసింది నిచ్చెనక్క.

"చిన్నోడు సిపాయి అయ్యాడుగా! సిపాయికి టోపీ ఉండాలన్నాడు పెద్దోడు. ఇంట్లో ఉన్నది చెంబు. దాన్ని తీసుకుని, ఇదిగో, ఇలా!" అంటూ చెయ్యి చాచి మేకుకున్న గ్లాసు అందుకుంది. తన పిడికిలి మీద బోర్లించి అదిమింది. "దిగింది. దిగింది గానీ రావడం లేదు. వాడు లోపల్నించి 'అమ్మా, రాత్రయిందా?' అంటాడు!"

పిడికిలి ఊపింది. గ్లాసు అటూ ఇటూ ఊగింది. గుమ్మం దగ్గర ముగ్గురు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. చెంబుకి నూనె రాసింది, సబ్బు రాసింది, ఆఖరికి వెల్డింగ్ షాపు దాకా నడిపించింది, దారంతా చిన్నోడు చెంబులోంచి సెల్యూట్ కొడుతూనే ఉన్నాడు. అంతా చెప్పి, కళ్ళు తుడుచుకుని, గ్లాసు గట్టు మీద పెట్టింది.

తిరిగి చూస్తే గ్లాసు గట్టు మీదుంది.

"అయ్యో, మాటల్లో పడి పొయ్యనేలేదు," అనుకుంది. అప్పటికే పిండే మిషను దగ్గరవాడు దుప్పట్లేవని అరుస్తున్నాడు. కలపడానికీ వడగట్టడానికీ తీరికెక్కడిది! గ్లాసుడు పొడి తీసి ఉన్నదున్నట్టు దుప్పట్ల మీదే చల్లి కర్రతో కలియబెట్టింది.

"అమ్మా, ఇందాక పోశావుగా," అన్నాడు పెద్దోడు. వాడు షెడ్డు గుమ్మంలోనే కూచుని ఉన్నాడు.

"నువ్వూరుకోరా, పెద్దపనుల్లోకి," అంది.

"పోశావమ్మా. గ్లాసు నువ్వే తీశావు, చెంబు కోసం."

"ఊరుకోమన్నానా? పో, ఆడుకో పో."

వాడు లేచి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున్న డాబా మీద ఎండ వచ్చాక సంగతి బయటపడింది. అరవై దుప్పట్లు తీగల మీద వరసగా ఉన్నాయి. ఒక్కటీ తెల్లగా లేదు. కొన్ని అంతటా ఒకే నీలం, కొన్నిటి మీద అరచెయ్యంత మచ్చలు, కొన్నిటికి పొడి జారినచోట చారలు. మేనేజరు వాటి మధ్యన ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. తరవాత అందర్నీ పైకి రమ్మని కబురు పంపాడు.

ఆమె మెట్లెక్కి రాగానే మొదటి దుప్పటి చూసింది. చాలు. మేకు, గ్లాసు, పిడికిలి, పెద్దోడి మాట, అన్నీ ఒక్కసారే తెలిశాయి. పిట్టగోడ పట్టుకుంది. తన చేతుల వంక చూసుకుంది. మణికట్ల దాకా నీలమే. నీలం పనిచేసినవాళ్ళకి మూడు నాలుగు రోజులు అలాగే ఉంటుంది, దాంట్లో వింత లేదు. అయినా చేతులు కొంగు కింద దాచుకుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"రేపు హోటలువాళ్ళు వస్తారు," అన్నాడు మేనేజరు. "వాళ్ళకి ఏం చెప్పమంటారు? పెద్దమ్మ పదేళ్ళు చేసింది, ఒక్క మచ్చ పడలేదు. ఒక్కరోజు చేతులు మారితే ఇదీ వరస!"

అందరూ ఆమె వంక చూశారు. అప్పుడు నిచ్చెనక్క నోరు తెరిచింది. ఆవిడ ఆ మాట సరదాకే అంది, జోడీని కాపాడదామనే అంది.

"మన కోతుల పనేమో సార్! పిల్లికే నీలిమందు పెట్టినవాళ్ళకి దుప్పట్లొక లెక్కా?"

నలుగురూ నవ్వారు. నవ్వు అయిపోయాక మాట మిగిలింది. నిన్న సాయంత్రం పిల్లలు షెడ్డులోనే ఉన్నారని ఒకావిడ అంది. పెద్దోడు తొట్టి పక్కనే కూచున్నాడని ఇంకొకావిడ అంది. చూస్తుండగానే సరదా కాస్తా సాక్ష్యం అయింది.

"మావాళ్ళు అలాంటివాళ్ళు కాదు సార్," అంది ఆమె.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఆమె కబుర్లు చాలావరకు ఆ మాటతోనే మొదలవుతాయి మరి.

"నిజం సార్. పిల్లి సంగతి నేను కల్పించింది. సిరా ఒలికితే తొక్కింది, ఒక్క కాలికే అంటింది. మావాడు భయపడి చొక్కాతో తుడిచాడు. వాడు పిరికివాడు సార్!"

"పెద్దోడు పిరికివాడట!" అంటూ పొట్ట పట్టుకుంది నిచ్చెనక్క. మేనేజరు మూతి కూడా వంకర తిరిగింది. ఏడాదిగా ఆమె చెప్పిన అబద్ధాలన్నీ నమ్మినవాళ్ళు, చెప్పిన ఒక్క నిజానికి నవ్వారు.

మేనేజరు నవ్వు ఆపుకుని గొంతు సవరించుకున్నాడు. "నాకు రెండు ముక్కల్లో చెప్పు. పనివాళ్ళ తప్పయితే ఇవాళే గేటు బయటికి, అందులో మాట్లాడేది లేదు. పిల్లల పనైతే అది వేరే. పిల్లలన్నాక చేస్తారు, నాలుగు తగిలించి పంపిస్తాం, హోటలువాళ్ళకీ అదే చెప్పుకుంటాను. చెప్పు. నువ్వు పోసిన నీలమా, పిల్లలు పోసిందా?"

తడి ఇంకా ఆరని దుప్పట్లు గాలికి టపటప కొట్టుకుంటున్నాయి. గేటు బయట ఏముందో ఆమెకి తెలుసు. ఈ పని దొరకడానికి ముందు ఎన్ని గేట్ల దగ్గర నిలబడిందో కూడా తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

"పిల్లల్ని రానివ్వండి సార్," అంది. "అడుగుతాను."

అంతే. కొడుకుని అమ్ముకోవడానికి అంతకన్నా పెద్ద మాటేం అక్కర్లేదు.

మూడున్నర దాకా మడతలు సాగాయి. దగ్గరికొచ్చినా దూరం జరిగినా ఎవరూ ఏ కబురూ అడగలేదు. నిచ్చెనక్క ఒక్కసారి మాత్రం, మూలలు అందుకుంటూ, "చిన్నపిల్లలేగా, ఏమవుతుందిలే" అంది. నాలుగు దెబ్బలతో పోయేదేగా అని ఆమె కూడా తనకి తాను చెప్పుకుంటూనే ఉంది. ఎంతసేపు చెప్పుకున్నా దుప్పటి మూలలు ఒకటికొకటి కలవలేదు. రెండుసార్లు విప్పి మళ్ళీ మడిచారు.

నాలుగు కాకుండానే గేటు దగ్గర కేరింతలు వినబడ్డాయి. చిన్నోడు ముందు, పెద్దోడు వెనక, రెండు పుస్తకాల సంచులూ పెద్దోడి భుజాన్నే. మూటల మీంచి ఒక్క దూకు దూకి, అందరూ అలా నిలబడి ఉండడం చూసి ఆగిపోయారు.

"చేతులు చూపించు," అన్నాడు మేనేజరు.

పెద్దోడు సంచులు దించి రెండు చేతులూ చాచాడు. గోళ్ళ సందుల్లో మట్టి ఉంది. నీలం చుక్క లేదు. ఆ షెడ్డులో పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు, నీలిమందు పొడి ముట్టుకున్న చెయ్యి ఒక్కరోజులో అలా ఉండదని. మిషనత్త ఆ చేతుల్ని చూసింది, తరవాత కోతులమ్మ కొంగు వంక చూసింది, తరవాత రోలరు వంక తిరిగి లేని దారప్పోగు ఏదో ఏరింది.

"కడిగేసుకున్నాడు," అన్నాడు మేనేజరు. "గట్టివాడే. నువ్వే అడుగు వాణ్ణి. నీ కొడుకు, నీ చేత్తోనే అడుగు." పక్కనున్న తడి తువ్వాలు మెలిపెట్టి ఆమె చేతికిచ్చాడు.

తడి తువ్వాలు మెలిపెడితే కర్రకంటే బరువు. ఆమె పట్టుకుని నిలబడింది.

"నిన్న తొట్టిలో నీలం నువ్వు పోశావురా?"

పెద్దోడు ఆమె మొహంలోకి చూశాడు. వాడికి అర్థం కాలేదు. పోసింది ఎవరో ఆమెకే తెలుసు కదా! తను చెప్పాడు కూడా కదా!

"నేనా?" అన్నాడు.

ఆమె కొట్టింది. వీపు మీద, మెల్లగా.

"ఇదేం కొట్టడం? దుమ్ము దులుపుతున్నావా?" అన్నాడు మేనేజరు.

రెండోది గట్టిగా పడింది. వాడు ముందుకి తూలి నిలదొక్కుకున్నాడు. మూడోది నడుం మీద చుట్టుకుంది. తువ్వాలు కొస వచ్చి మోచేతికి తగిలి చర్మం లేచింది. నాలుగోది కొట్టేటప్పుడు ఆమె పళ్ళు బిగించింది, వాడి మీద నిజంగానే కోపం వచ్చింది. ఒప్పుకుంటే అయిపోయేదానికి ఎందుకు వీడికింత మొండితనం? చిన్నోడు గుక్కపట్టి ఏడుస్తూ అన్న చొక్కా పట్టుకున్నాడు.

పెద్దోడు కళ్ళెత్తి తువ్వాలు పట్టుకున్న చేతిని చూశాడు. మణికట్టు దాకా నీలంగా ఉన్న చెయ్యి. చూస్తూ చూస్తూ వాడి మొహంలో ఏదో సర్దుకుంది.

"నేనే పోశాను," అన్నాడు.

"ఎందుకు పోశావురా?" అన్నాడు మేనేజరు.

వాడు ముక్కు ఎగబీల్చాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత తల్లి ఎలా ఆగుతుందో అలా ఆగి, అందరి వంకా ఒకసారి చూసి అన్నాడు. "పక్కింటి పిల్లి ఒక్కతే నీలంగా ఉంది సార్. దాన్ని చూసి అందరూ నవ్వుతున్నారని బయటికి రావడం లేదు. అన్నీ నీలంగా ఉంటే దానికి సిగ్గుండదు కదా అని."

ముందు నిచ్చెనక్క ఫక్కుమంది, తరవాత మిగతావాళ్ళు, మేనేజరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వు షెడ్డు రేకుల దాకా పోయింది. చెంప మీద కన్నీటి చార, మోచేతి మీద రక్తం, ఆ మధ్యన వాడి మాట. ఇంతకన్నా తమాషా ఏముంటుంది? వాడు ఎవరి వంకా చూడ్డం లేదు, తల్లినే చూస్తున్నాడు.

ఆమె కూడా నవ్వింది. చేతిలో తువ్వాలు ఉండగానే, ఆపుకోలేక నవ్వింది.

రేపట్నించి పిల్లలు గేటులో అడుగు పెట్టకూడదని మేనేజరు చెప్పాడు. ఆమె పని ఆమెకి ఉంది. అందరూ ఆమెనే ఓదార్చారు. కన్నకొడుకుని కొట్టుకోవాల్సి వచ్చిందే, ఎంత కష్టం అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో వాడి చొక్కా విప్పించి వాతల మీద కొబ్బరినూనె రాసింది. నూనె రాస్తుంటే వాడి వీపు దానంతటదే ముడుచుకుపోతోంది. చిన్నోడు మంచం కింద దూరి రానన్నాడు.

"ఎందుకలా చెప్పావురా?" అంది చివరికి, వాడి మొహం కనిపించకుండా వెనక కూచుని.

"నువ్వు చెప్పేవన్నీ మేం చేశామా ఏంటి?" అన్నాడు వాడు. మాటలో కోపం లేదు. "ఇదీ అలాంటిదే కదా."

ఆమె చాలాసేపు రాసిన చోటే మళ్ళీ రాసింది.

"బాగా చెప్పానా?" అన్నాడు వాడు.

"బాగా చెప్పావు నాన్నా," అంది. ఆ ఒక్క రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి మేనేజరుకి ఉన్నది చెప్పేద్దామని తెల్లవార్లూ అనుకుంది. తెల్లవారాక బక్కెట్లో నీళ్ళు నింపుకుంది, పిల్లలకి డబ్బాలు కట్టింది, వేళకి పనిలోకి వెళ్ళింది.

గేటు మూసుకున్నాక ఆ ఇద్దర్నీ ఎక్కడ పెట్టాలి? బడి వదిలే వేళకి ఆమె సెలవడిగి పరుగెత్తేది. ఇద్దర్నీ ఇంటికి తెచ్చి, గదిలో పెట్టి, బయట తాళం వేసి మళ్ళీ పరుగెత్తేది. ఆ గది నిండా ఒక మంచం, ఒక పొయ్యి గట్టు, ఎత్తున చిన్న కిటికీ. మొదటి రోజు తలుపు బాదారు. రెండో రోజు మంచం మీంచి దూకుతున్నారని కింద వాటావాళ్ళు గొడవ పెట్టారు. ఆమె గట్టిగా అరిచింది. మూడో రోజు నుంచి చప్పుడు లేదు.

నీలం దుప్పట్లని మళ్ళీ రెండుసార్లు ఉతికారు. రంగు తీసే మందు ఘాటుకి కళ్ళు మండుతుంటే ఆడవాళ్ళు పెద్దోణ్ణి తలుచుకుని తిట్టుకున్నారు. మొదట్లో ఆమెకి గుచ్చుకునేది. తరవాత తనూ వాళ్ళతోపాటు "వెధవ, ఎంత పని చేశాడో చూడండి" అనడం మొదలుపెట్టింది. అనకపోతే బాగుండదు కదా!

సోమవారం నీలి పెద్దమ్మ తిరిగొచ్చింది. మనవరాలు పుట్టిందట. తొట్టి చూసుకుని, గ్లాసు చూసుకుని, "నేను లేని నాలుగు రోజుల్లో ఏమిటే ఈ గోల?" అంది.

"నువ్వే చెప్పాలి, నువ్వు చెబితేనే అందం," అంది నిచ్చెనక్క, కోతులమ్మని మోచేత్తో పొడిచి.

ఆమె వద్దంది. రెండుసార్లు వద్దంది. దుప్పటి దులిపి, సగానికి మడిచి, దగ్గరికొచ్చింది.

"ఏం చెప్పను పెద్దమ్మా! నేనిటు తిరిగి చెంబు కబురు చెబుతున్నానా, వాడు పిల్లిలా వచ్చాడు..."

వాడు పిల్లిలా వచ్చాడు. గట్టెక్కాడు. గ్లాసు అందలేదు, చిన్నోడి భుజాలెక్కాడు. ఒక్క గ్లాసుతో తృప్తి లేక డబ్బా డబ్బా ఒంపాడు. పైగా కర్రతో కలుపుతూ పాట! నీలి పెద్దమ్మ నవ్వి నవ్వి మూటల మీద కూలబడింది. ఆ వారం అంతా ఆ కబురే. హోటలు నుంచి వచ్చినాయనకి ఒకసారి, పిండే మిషనువాడి భార్యకి ఒకసారి. చెప్పినకొద్దీ అందులోకి కొత్తవి వచ్చి చేరాయి. వాడు ఏ కాలు ముందు గట్టు మీద పెట్టాడో, పొడికి తుమ్మొస్తే ఎలా ఆపుకున్నాడో, అన్నీ ఆమె కళ్ళకి కట్టినట్టు కనిపించేవి. ఆ షెడ్డు చీకట్లో, గుమ్మంలో కూచుని "ఇందాక పోశావుగా" అన్న పిల్లాడు మాత్రం ఏ కబుర్లోకీ రాలేదు. రాకుండా ఉండగా ఉండగా, వాడు అలా కూచున్నాడా అన్నది కూడా మసకబారింది.

ఆ శుక్రవారం బడి దగ్గర ఆలస్యమైంది. చిన్నోడి చెప్పు తెగింది. తాళం వేసి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పావుగంట పోయింది. మేనేజరు అందరి ముందూ నిలబెట్టి, ఇంకొక్కసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. ఆమె తలొంచుకుని మడతల్లోకి వెళ్ళింది.

తాళం తీసి లోపలికి వచ్చేసరికి ఇద్దరూ మంచం మీద గోడకానుకుని పక్కపక్కన కూచుని ఉన్నారు. పుస్తకాలు సర్ది ఉన్నాయి. గ్లాసు ఒక్కటి కూడా చోటు తప్పలేదు. పెద్దోడి మోచేతి మీద గాయం ఎండి పెచ్చు కట్టింది.

ఆమె సంచీ గోడకేసి కొట్టింది.

"కాళ్ళు పడిపోతున్నాయి రోజూ ఈ పరుగులతో! నాకివాళ అందరి ముందూ ఎంత అవమానమో మీకేం తెలుసు? హాయిగా అక్కడే ఆడుకునేవాళ్ళు కదరా ఇద్దరూ. అంతా నీ మూలంగానే!" పెద్దోడి భుజం పట్టి ఊపింది. "నీకెవడు చెప్పాడ్రా ఆ నీలిమందు జోలికి వెళ్ళమని?"

గదిలో వాళ్ళు ముగ్గురే ఉన్నారు. వినేవాళ్ళెవరూ లేరు.

వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఇప్పుడు నవ్వుతుంది, ఇదిగో ఇప్పుడు నవ్వుతుంది అని చూశాడు. ఆమె కళ్ళలో నిజం కోపం తప్ప ఇంకేమీ లేదు. చిన్నోడు, "అమ్మా, అది అన్న..." అని ఏదో అనబోయాడు. పెద్దోడు వాడి చెయ్యి పట్టుకుని నొక్కాడు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "ఇంకెప్పుడూ ముట్టుకోను."